దండు పక్కన విదేశీ కంపెనీ లీజు: బ్రిటిషోళ్లకు అంత గాబరా ఎందుకు?

హనుమకొండ_ఎంఏ:
ఎర్ర సముద్రం మొగదల బ్రిటిషోళ్లు ఏలిన ఏడెన్ రేవు మీద సెమినార్ పేపర్ రాస్తున్న. విదేశీ వ్యాపారి బొగ్గు గోదాముకు జాగ తీసుకుంటే దండు అధికారులు ఎందుకు అడ్డం పడేటోళ్లు? ఆపనీకి ఏ చట్టం వాడిన్రు? మన సింగరేణి లీజును దీనితోటి పోల్చొచ్చా?

పాతఫైళ్లు:
తమ్మీ, భయం గోదాము మీద కాదు, రేపు ఆ పట్టా ఎవరి చేతికి పోతదన్నదాని మీద. ఎర్ర సముద్రం ఆఫ్రికా ఒడ్డున ఉన్న అస్సబ్‌ల 1869ల జాగ కొన్నది ఇటలీ రుబాటినో స్టీమర్ కంపెనీ కోసం. 1882ల దాన్ని ఇటలీ సర్కారే తీసుకున్నది, ఎరిత్రియా వలస రాజ్యానికి అదే మొదలు. ఇంకో భయం గుట్ట ఎత్తుది. 1868ల ఫ్రాన్స్‌ల మార్సెయ్ ఊరి వ్యాపారులు యెమెన్ ఒడ్డున షేక్ సయీద్ అనే జాగ కొన్నరు. ఎదురుంగ పెరిమ్ దీవి, 1857 నుంచి బ్రిటిషోళ్ల చేతుల ఉన్నది. నడుమ నీళ్లు 3 కిలోమీటర్లే. ఒడ్డు గుట్ట మీద ఫిరంగి ఎక్కిస్తే దీవి, ఎర్ర సముద్రంలకు పోయే బాబెల్ మందెబ్ జలసంధి రెండూ దాని కిందికే. ఏడెన్ రేవుకు పడమటి దిక్కున్న లిటిల్ ఏడెన్‌ను 1869ల బ్రిటిషోళ్లే కొనుక్కున్నది గూడ ఇంకొకరు రాకుండనే.

గజంబద్ద:
చట్టం సంగతి. బ్రిటిష్ ఇండియా లోపలైతే 1903 వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ యాక్ట్. కోట బయటి గోడ అంచు నుంచి 2000 గజాల దాకా జనరల్ రాతపూర్వక అనుమతి లేకుండ కట్టడం గానీ, నేల ఎత్తు మార్చుడు గానీ కుదరదు. కట్టె, మన్ను, రాయి, ఇంకే సామానైనా కుప్ప పొయ్యొద్దు, అంటే బొగ్గు గూడ. కుప్ప చాటున శత్రువు నక్కుతడు, కోట ఫిరంగి చూపుకు అడ్డం. 1000 గజాల లోపల పక్కా కట్టడమే వద్దు. అనుమతితోటి కట్టె గుడిసె వేసినా, హుకుం వస్తే పైసా పరిహారం లేకుండ పీకాలె. 500 లోపల నేల కింద తవ్వుడు గూడ బంద్. చాన మంది తప్పు రాసేది ఒకటున్నది: ఇది దానంతట అది అమలు కాదు, సెక్షన్ 3 కింద గెజిట్ ప్రకటన రావాలె.

పరాయి రాజు గడ్డ మీద ఈ చట్టం నడవది, అక్కడ రాతకోతలే. తన గడ్డను బ్రిటిషోళ్లకు తప్ప ఇంకెవ్వరికీ ఇయ్యనని మస్కట్ సుల్తాను 1891ల రాసిచ్చిండు. అయినా 1898ల ఫ్రెంచోళ్లకు మస్కట్ దగ్గరి బందర్ జిస్సా తీరంల బొగ్గు స్టేషనుకు జాగ ఇచ్చిండు. 1899 ఫిబ్రవరిల బ్రిటిష్ యుద్ధనౌకలు వచ్చి ఫిరంగుల బెదిరింపుతోటి రద్దు చేయించినయి. ఆ జనవరిలనే కువైట్ షేక్ ముబారక్ రాసిచ్చిన పత్రం ఇంకా గట్టిది: అమ్ముడు, లీజు, తాకట్టు, ఏదైనా సరే, బ్రిటిషోళ్లు ఒప్పుకోకుంటే పరాయి సర్కారుకే కాదు దాని ప్రజలకు గూడ ఇయ్యొద్దు. వ్యాపారి పేరు మీద వచ్చే సందు మూసేసినట్టే.

పాతఫైళ్లు:
సింగరేణిని దీంట్ల కలపకు. 1886 రాయితీ పొందిన హైదరాబాద్ డెక్కన్ కంపెనీ లండన్‌దే. 1888ల పార్లమెంటు కమిటీ దాకా పోయిన లొల్లి పైసలది, దండుది కాదు. ఏడెన్ ఫైళ్లల్ల మాత్రం మొదలు మ్యాప్ తీయి: గుట్ట ఎత్తు, తీరం లోతు, మంచినీళ్ల బాయి. ఆ తర్వాత లీజును ఇంకొకరికి బదిలీ చేసే షరతు చూడు.