ఫోన్ బాగానే ఉంది, బ్యాటరీ బాలేదు: కొత్తది కొనాలా, ఇదే లాగించాలా?

మూడులాంతర్ల కుర్రాడు (విజయనగరం)

మొన్న పైడితల్లమ్మ సిరిమాను జాతర నాడు జరిగింది చెప్తే నా ప్రశ్న అర్థమవుతుంది. మధ్యాహ్నం రెండింటి నుంచి కోట దగ్గర నిలబడ్డాను. ఒకటే తోపులాట, పైన ఎండ. సిరిమాను కనబడగానే ఫోన్ పైకెత్తి వీడియో ఆన్ చేశాను. మాను చివర కూర్చున్న పూజారి గారు అలా ఫ్రేములోకి వస్తున్నారు, బ్యాటరీ 31 చూపిస్తోంది, టక్కున స్క్రీన్ నల్లబడిపోయింది. పక్కన ఎనిమిదో తరగతి గుంటడొకడు వాళ్ల నాన్న చవక ఫోన్‌తో తీరిగ్గా మొత్తం తీసుకున్నాడు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి పవర్‌బ్యాంక్ తగిలించి మూడో విడతకి పట్టుకున్నాను గానీ, లేకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

ఫోన్ 2021 మోడల్ ఆండ్రాయిడ్. 2022 దసరాకి కొన్నాను. కంపెనీ పేరు రాయను, రాస్తే చర్చంతా దాని మీదకే పోతుంది. 128 జీబీ నిండిపోయింది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే మిగతాదంతా బాగానే ఉంది.

2025 సెప్టెంబర్‌లో ఐఫోన్ 17 వచ్చిన దగ్గర్నుంచి మనసు అక్కడే ఉంది. విడుదల ధర 82,900. ఈసారి మామూలు మోడల్‌కి కూడా 120 హెర్ట్జ్ స్క్రీన్ ఇచ్చారు, స్టోరేజ్ 256 నుంచి మొదలు. నా జీతం ముప్పై వేలు, ప్రైవేట్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. నో కాస్ట్ ఈఎంఐ ఉంది. పాతది అమ్మకి ఇచ్చేద్దామని ఆలోచన. అమ్మ చీపురుపల్లి దగ్గర ఊళ్లో ఉంటుంది, ఆమె ఫోన్ స్క్రీన్ సగం పగిలిపోయింది. ఏమంటారు?

రాజాం రాకెట్

కొనేయ్ బ్రో. ఇన్ని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఏదీ కొనలేం.

నాగావళి గట్టు (ఆమదాలవలస)

రాకెట్ తమ్ముడూ, లెక్క వేసేవాడు ఉండాలి కదా, నేను వేస్తాను. 2025-26కి సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటా 2,369. 82,900 అంటే 35 క్వింటాళ్లు. మా వైపు 80 కిలోల బస్తాల లెక్కన దగ్గరదగ్గర 44 బస్తాలు. పంట బాగా పండిన ఏడాది ఎకరంన్నర, ఎకరంముప్పావు మీద వచ్చే ధాన్యం అంతా జేబులో పెట్టుకుని తిరుగుతానంటున్నావు. పెట్టుబడి తీయకుండానే ఈ లెక్క.

రాజాం రాకెట్

అన్నా, అలా ధాన్యంతో కొలిస్తే బైక్ కూడా కొనకూడదు. నువ్వు బుల్లెట్ మీద తిరగవా ఏటి?

నాగావళి గట్టు (ఆమదాలవలస)

తిరుగుతాను. పదకొండేళ్ల నుంచి అదే బండి. సీటు చిరిగింది, కుట్టించాను.

సర్వీసు బావు (శ్రీకాకుళం, ఏడు రోడ్ల దగ్గర)

మాస్టారూ, ముందు ఒక్క సంగతి చూడండి: ఫోన్ వెనక డబ్బా ఎక్కడైనా కొంచెం పైకి లేచిందా? లేస్తే బ్యాటరీ ఉబ్బినట్టు. అప్పుడు చర్చ ఆపి ఈరోజే షాపుకి పట్టుకెళ్లండి, ఛార్జింగ్ పెట్టకండి.

ఉబ్బకపోతే 31 దగ్గర ఆగిపోవడం అనేది మీరు పిల్లలకి చెప్పే పాఠమే. ఇంటర్నల్ రెసిస్టెన్స్, అంటే కరెంటుకి లోపలే తగిలే అడ్డు. వాడగా వాడగా బ్యాటరీ లోపల అది పెరిగిపోతుంది. వాట్సాప్ చూస్తున్నంతసేపు ఏమీ తెలియదు. ఎండలో స్క్రీన్ వెలుగు ఫుల్లుగా పెట్టి, కెమెరా ఆన్ చేసి, జనం మధ్య సిగ్నల్ కోసం ఫోన్ వెతుక్కుంటూ ఉంటే ఒక్కసారిగా కరెంట్ ఎక్కువ లాగుతుంది. వోల్టేజ్ పడిపోతుంది. వీధిలో అందరూ ఒకేసారి మోటార్లు వేస్తే మీ ఇంట్లో బల్బు మసకబారుతుంది కదా, అదే. లోపల 31 శాతం ఉంది, కానీ బయటకి ఇవ్వలేకపోయింది.

ఆపిల్ కూడా ఇక్కడే ఇరుక్కుంది. బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్లు ఇలాగే ఆగిపోతుంటే సాఫ్ట్‌వేర్‌తో స్పీడు తగ్గించింది, జనానికి ముందు చెప్పలేదు. 2017 డిసెంబర్‌లో ఒప్పుకుంది. బ్యాటరీ మార్చుకున్నవాళ్ల ఫోన్లు మళ్లీ మామూలుగా పరిగెత్తాయి. అందరికీ అర్థమైంది అప్పుడే: ముసలిదయింది ఫోన్ కాదు, బ్యాటరీ.

మీ మోడల్‌కి బ్యాటరీ దొరుకుతుంది. అరగంట పని. వెనక డబ్బా హీట్ చేసి తీయాలి, అంతే. ఒరిజినల్ అడిగి వేయించుకోండి, ఫస్ట్ కాపీ (డూప్లికేట్) వేస్తే ఏడాదికి మళ్లీ ఇదే గొడవ. నా దగ్గరికే రమ్మనడం లేదు, విజయనగరంలో మంచి కుర్రాళ్లు ఉన్నారు.

మూడులాంతర్ల కుర్రాడు (విజయనగరం)

ఈ పాఠం సెకండ్ ఇయర్ వాళ్లకి ఏటా చెప్తాను. నా ఫోన్ గురించి ఒక్కసారీ తట్టలేదు. సిగ్గుగా ఉంది. డబ్బా లేవలేదు, చూశాను.

టెక్కలి టు హైటెక్ (హైదరాబాద్)

బ్యాటరీ సంగతి సరే, ఒప్పుకుంటాను. అప్‌డేట్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో ఫోన్‌పే, బ్యాంకు యాప్, ఆధార్ అన్నీ పెట్టుకుని తిరగడం నాకు నచ్చదు. కొత్త బ్యాటరీ వేస్తే పాత సాఫ్ట్‌వేర్ కొత్తదైపోదు. గూగుల్ 2023లో పిక్సెల్ 8తో, శాంసంగ్ 2024లో ఎస్24తో ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. 2019 నాటి ఐఫోన్ 11కి కూడా 2025లో కొత్త సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26 వచ్చింది. అంటే ఇప్పుడు మంచి ఫోన్ కొంటే ఆరేడేళ్లు నిశ్చింత. 82,900ని ఏడేళ్లకి పంచి చూడండి, ఏడాదికి పన్నెండు వేలు. రెండేళ్లకోసారి ఇరవై ఐదు వేల ఫోన్ మార్చేవాడి ఖర్చు కూడా అంతే, కాకపోతే వాడి చేతిలో ఎప్పుడూ మామూలు ఫోనే ఉంటుంది.

నాగావళి గట్టు (ఆమదాలవలస)

ఏడేళ్లు వాడేవాడైతే నీ లెక్క కరెక్టే బాబూ. మాస్టారు మూడేళ్లకే ఈ ప్రశ్న అడుగుతున్నారు కదా.

సర్వీసు బావు (శ్రీకాకుళం, ఏడు రోడ్ల దగ్గర)

టెక్కలి బాబు చెప్పింది తప్పు కాదు. కానీ డబ్బు పోయిందని ఏడ్చుకుంటూ నా షాపుకి వచ్చినవాళ్లు ఎలా పోగొట్టుకున్నారో చెప్తాను. వాట్సాప్‌లో పెళ్లి కార్డు అని ఒక ఏపీకే ఫైల్ (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వచ్చింది, నొక్కారు, అడిగినవాటికల్లా ఓకే కొట్టారు. అందులో ఒకాయన ఫోన్ కొని నెల కూడా కాలేదు, అప్‌డేట్లన్నీ ఉన్నాయి. సైబర్ మోసాల నంబర్ 1930కి వెంటనే ఫోన్ చేయించాం. కొత్త ఫోన్ కొంటే నొక్కే వేలు కొత్తది రాదు కదా.

టెక్కలి టు హైటెక్ (హైదరాబాద్)

హెల్మెట్ పెట్టుకున్నవాడికీ కాలు విరిగిందని హెల్మెట్ వద్దంటారా బావు?

సర్వీసు బావు (శ్రీకాకుళం, ఏడు రోడ్ల దగ్గర)

అది నిజమే. ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

వడ్డీ లెక్క (బొబ్బిలి)

బ్యాంకులో పని చేస్తాను కాబట్టి ఈఎంఐ మాట ఒకటి. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధర తగ్గించినట్టు బిల్లులో చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, చాలా కార్డులకి ప్రాసెసింగ్ ఫీజు వేరే. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. మూడు నెలల జీతం పెట్టే వస్తువు విషయంలో ఆ పేరు చూసి మోసపోవద్దు.

రాజాం రాకెట్

మొన్న జీఎస్టీ తగ్గించారు కదా, ఇంకా తగ్గొచ్చేమో?

వడ్డీ లెక్క (బొబ్బిలి)

2025 సెప్టెంబర్ 22న ఏసీలు, పెద్ద టీవీలు 28 నుంచి 18కి దిగాయి. ఫోన్ల మీద 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18కి పెంచారు, ఇప్పటికీ అంతే ఉంది. 82,900లో పన్నెండు వేల ఆరు వందల పైచిలుకు పన్నే.

పొందూరు నేత

అందరూ వద్దనే అంటున్నారు కాబట్టి ఇంకో వైపు నేను చెప్తాను. మాది చీరల వ్యాపారం. పొందూరు ఖాదీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను. పాత ఫోన్‌లో గోధుమ రంగు చీర పసుపుగా పడేది. చీర ఇంటికి చేరాక "ఇది కాదండీ మేం చూసింది" అని వెనక్కి పంపేవారు. ఆ కొరియర్ ఖర్చులు చూసి ఏడుపొచ్చేది. నిరుడు మంచి కెమెరా ఉన్న ఫోన్ కొన్నాను, అప్పు చేసే కొన్నాను. నూలు పోగు పోగూ కనబడుతుంది. వెనక్కి వచ్చేవి బాగా తగ్గాయి. నా వరకూ అది ఖర్చు కాదు, పనిముట్టు. కత్తెర మొద్దుబారితే మార్చమా?

కాబట్టి మాస్టారు గారూ, ఫోన్‌తో మీరేం చేస్తారో చెప్పండి, అప్పుడు చెప్తాను.

మూడులాంతర్ల కుర్రాడు (విజయనగరం)

మొహమాటం లేకుండా చెప్తాను. ఇప్పుడే సెట్టింగ్స్‌లో చూశాను. నిన్న మొత్తం నాలుగు గంటల పది నిమిషాలు. అందులో రెండున్నర గంటలు రీల్స్. వాట్సాప్ గంట. అమ్మతో పదకొండు నిమిషాలు.

పొందూరు నేత

అయితే నా మాట మార్చుకుంటున్నాను. ఇంకొకటి కూడా అడుగుతాను, ఏమీ అనుకోకండి. సాయంత్రానికి చచ్చిపోయే ఫోన్, అప్‌డేట్లు రాని ఫోన్, నిండిపోయిన ఫోన్. మీకు పనికిరాదు గానీ అమ్మకి పనికొస్తుందా? ఆవిడకి పింఛను మెసేజీ, గ్యాస్ ఓటీపీ వచ్చేది అందులోనే. ఊళ్లో ఒక్కావిడే ఉంటారు, రాత్రి పూట ఫోన్ ఆగిపోతే పక్కన పవర్‌బ్యాంక్ పట్టుకుని ఎవరున్నారు? మా ఇంట్లో కూడా ఇదే జరిగేది. అన్నయ్య వాడి పడేసింది నాకు, నేను వాడి పడేసింది అమ్మకి. అమ్మ చేతికొచ్చేసరికి వాల్యూమ్ బటన్ కూడా ఉండేది కాదు.

ఉద్దానం కొబ్బరి (పలాస)

అప్ప చెప్పిన మాట మీద ఒకటి గుర్తొచ్చింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా మీదుగానే తీరం దాటింది. తెల్లారేసరికి తోటలో చెట్టు మీద చెట్టు పడి ఉంది. కరెంటు పది రోజుల పైనే లేదు. నా పెద్ద ఫోన్ మొదటి రాత్రికే పోయింది. టెంట్ హౌస్ వాళ్ల జనరేటర్ దగ్గర ఫోన్‌కి ఇరవై రూపాయలు తీసుకుని ఛార్జింగ్ పెట్టేవారు. ఒకే బోర్డుకి నలభై వైర్లు, ఎవరి ఫోన్ ఎవరిదో తెలియక కవర్ల మీద పేర్లు రాసి అతికించారు. మా నాన్న బటన్ ఫోన్ మాత్రం నాలుగు రోజులు బతికింది. చెన్నైలో ఉన్న మా తమ్ముడికి బతికే ఉన్నామని చెప్పింది దాంతోనే. వీధిలో సగం మంది అందులోంచే మాట్లాడారు.

అప్పటి నుంచి నేను ఫోన్ చూసేటప్పుడు కెమెరా అడగను. ఇంట్లో ఇప్పటికీ ఒక బటన్ ఫోన్ ఛార్జ్ చేసి ఉంచుతాను.

రాజాం రాకెట్

మీరంతా కలిసి ఆయన చేత ల్యాండ్‌లైన్ పెట్టించేలా ఉన్నారు. మనిషి సంపాదించేది దేనికి? సిరిమాను మొదటి విడత వీడియో పోయింది, అది మళ్లీ వస్తుందా? ఇష్టపడ్డది కొనుక్కోవడానికి కారణం చూపించాలా ఏటి?

నాగావళి గట్టు (ఆమదాలవలస)

ఇష్టమని చెప్పి కొంటే నేనెందుకు అడ్డు? బ్యాటరీ కోసం, అమ్మ కోసం అని చెప్పాడు కాబట్టే మాట్లాడాను.

మూడులాంతర్ల కుర్రాడు (విజయనగరం)

పది రోజుల తర్వాత వస్తున్నాను. గట్టు అన్న చివరి మాట బాగా గుచ్చుకుంది. నిజం అదే, నాకు 17 ఇష్టం. మిగతావన్నీ నేను వెతుక్కున్న సాకులు.

గంటస్తంభం దగ్గర బ్యాటరీ వేయించాను. 1,900 అయింది. కుర్రాడు పాత బ్యాటరీ చేతికిచ్చాడు, కాలేజీకి పట్టుకెళ్లి పిల్లలకి చూపించాను, ఆ రోజు క్లాసులో ఎవరూ నిద్రపోలేదు. స్టోరేజ్ చూస్తే వాట్సాప్ ఒక్కటే 38 జీబీ. అందులో సగం మా బాబాయి పంపిన శుభోదయాలు, మిగతా సగం అవే మళ్లీ ఇంకో గ్రూపులో. తీసేశాను. బ్యాంకు యాప్ విషయంలో టెక్కలి అన్న భయం నాకూ ఉంది, అందుకే ఈ ఫోన్‌తో కట్టేవాటికి వేరే ఖాతా పెట్టి అందులో ఐదు వేలకి మించి ఉంచడం లేదు.

అమ్మకి పదకొండు వేలలో కొత్తది తీసుకున్నాను. పెద్ద అక్షరాలు పెట్టి, అక్కర్లేనివన్నీ తీసేసి ఇచ్చాను. "పాతది నీకు సరిపోద్దా, నువ్వే కొత్తది తీసుకోలేకపోయావా" అని రెండు రోజులు పోరు పెట్టింది.

టెక్కలి టు హైటెక్ (హైదరాబాద్)

ఐదు వేల ఖాతా మంచి ఏర్పాటు. అయినా వచ్చే ఏడాదికైనా మార్చక తప్పదు, రాసి పెట్టుకోండి.

రాజాం రాకెట్

మరి 17?

మూడులాంతర్ల కుర్రాడు (విజయనగరం)

నెలకి ఐదు వేలు పక్కన పెడుతున్నాను. డబ్బు పోగయ్యేసరికి 18 వచ్చేస్తుందేమో.

సర్వీసు బావు (శ్రీకాకుళం, ఏడు రోడ్ల దగ్గర)

అదంతా తర్వాత గానీ మాస్టారూ, రాత్రికి బ్యాటరీ ఎంత ఉంటోంది?

మూడులాంతర్ల కుర్రాడు (విజయనగరం)

ఇప్పుడు పదీ ఇరవై. 44.