కౌబాయ్స్ డ్రాఫ్ట్ లెక్క ఏంటో కాస్త చెప్పగలరా?

మేం ఫ్రిస్కోలో ఉంటాం, ఇంటిల్లిపాదీ డాలస్ కౌబాయ్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) అభిమానులం. 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునేచోట, 10వ పిక్ (ఎంపిక వంతు) ఈగిల్స్ జట్టుకి వదిలి 12కి దిగి, అదనంగా మూడో రౌండ్ పిక్ తెచ్చుకుని మరీ మైకా పార్సన్స్‌ని పట్టారు. ఎంత మంచి బేరం! అలాంటివాణ్ణి 2025 ఆగస్టులో ప్యాకర్స్ జట్టుకి ఇచ్చేశారు. బదులుగా రెండు మొదటి రౌండ్ పిక్‌లు, డిఫెన్స్ ఆటగాడు కెన్నీ క్లార్క్ వచ్చారు. మా అబ్బాయి ఆ పార్సన్స్ 11వ నంబరు జెర్సీ మడిచి అల్మారా అడుగున పెట్టేశాడు, మళ్లీ తియ్యలేదు. నాకూ మనసు ఒప్పడం లేదు.

మా గార్డ్ (ముందు వరుసలో అడ్డుకునే ఆటగాడు) జాక్ మార్టిన్ రిటైరయ్యాక 2025 డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌తో గార్డ్ టైలర్ బుకర్‌ని తీసుకోవడం సబబే అనిపించింది. కానీ ఎప్పుడూ ఇలా జట్టులో లోటు చూసే తీసుకోవాలా, లేక మిగిలినవాళ్లలో మేటి ఎవరైతే వాళ్లనా? పార్సన్స్ లాంటి పాస్ రషర్ (ఎదుటి జట్టులో బంతి విసిరేవాడి మీదికి దూసుకెళ్లే ఆటగాడు) మొదటి రౌండ్ దాటాక నిజంగా దొరుకుతాడా? ఏళ్లుగా డ్రాఫ్ట్ చూస్తున్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.