ద్వైపాయనుడు అంటే లంకలో పుట్టినవాడు అనొచ్చా?

ఆదిపర్వం చదువుతున్నాను. సత్యవతి కథ పిల్లల కోసం నా మాటల్లో రాయాలని కోరిక పుట్టింది. ఒక మాట దగ్గర ఆగిపోయాను: వ్యాసుడు పుట్టిన చోటుని ‘ద్వీపం’ అనాలా, ఏటి నడుమ నేలను మన గోదావరి వైపు పిలిచే ‘లంక’ అనాలా? మీ అందరి అభిప్రాయం కావాలి.

దాశరాజు ఇంట పెరిగి యమునలో పడవ నడిపిన పిల్ల సత్యవతి. పరాశరుడు ఆమె పడవ ఎక్కాడు, చుట్టూ మంచు కమ్మించాడు. యమున నడుమ ద్వీపంలో ఆమెకు కొడుకు పుట్టాడు. నల్లనివాడు కనుక కృష్ణుడు, ద్వీపంలో పుట్టాడు కనుక ద్వైపాయనుడు. ఆయనే వ్యాసుడు.

నేనూ మొదట ‘ద్వీపం’ అనే రాశాను. కోనసీమలో ఉండే మా అక్క కూతురికి చదివి వినిపిస్తే, “అక్కడ సముద్రం ఉందా పిన్నీ?” అంది. దానికి ద్వీపమంటే సముద్రం మధ్యలో ఉండేదే. “కాదమ్మా, మన లంక లాంటిది” అన్నాను. “అయితే వరదొస్తే ఆ బాబుని గట్టు మీదకి ఎవరు తీసుకెళ్తారు?” అని అడిగింది. అంతవరకూ ఊరికే వింటున్న పిల్ల ఒక్క మాటతో కథలోకి వచ్చేసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత వ్యుత్పత్తి చూస్తే ఇంకా సంతోషమేసింది. ద్వి, అప్ కలిస్తే ద్వీపం. అప్ అంటే నీళ్ళు. రెండు వైపులా నీళ్ళున్న నేల అన్నమాట. ఏరు రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలిన నేలకి ఇంతకంటే సరిపోయే మాట ఉంటుందా? బొబ్బర్లంక, ఊబలంక, ఎదుర్లంక అని మనం ఊళ్ళకు పెట్టుకున్న పేర్లలో ఉన్నది ఆ నేలే. నన్నయ్య గారు భారతం తెలుగు చేసిన రాజమహేంద్రవరానికి కాస్త దిగువనే, ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా చీలుతుంది. ఆ ఏటి ఒడ్డున ఉండి వ్యాసుడి పుట్టుకను లంక అనే మాటతో చెప్పడానికి నేనెందుకు జంకాలి అనిపించింది.

(జవాబులు చదివాక రాస్తున్నది)

లంక అనగానే పిల్లలకు రావణుడు గుర్తొస్తాడని ఇద్దరు అన్నారు. నిజమే. అందుకే మొదటిసారి వచ్చినచోట ‘ఏటి లంక’ అంటాను, తర్వాత ఉత్త లంక. ద్వైపాయనుడు అనే పేరు మాత్రం మార్చను. ఆ పేరులో ద్వీపం ఉందని ఒక్క వాక్యంలో చెబితే పిల్లలకు కొత్త మాట కూడా వస్తుంది.

ముక్తేశ్వరం వైపు నుంచి ఒక బాబాయి గారు రాసిన జవాబు నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కొత్తగా పడ్డ ఇసుకని మేట అంటారనీ, ఒండ్రు పట్టి, గడ్డి మొలిచి, అరటో పొగాకో వేసేదాకా అది లంక కాదనీ ఆయన మాట. మరి పరాశరుడు దిగింది మేట మీదా, లంక మీదా? మూలంలో ఆ వివరం లేదు. పసివాణ్ణి కన్న చోటు కదా, చెట్టూ నీడా ఉండాలని నా మనసు కోరుతోంది. లంకే ఉంచుతున్నాను.

సత్యవతికి కాళి అనే పేరు కూడా ఉంది. కథ ఎత్తుగడ ఇలా మార్చాను, చూసి చెప్పండి:

“యమునలో పడవ వేసే పిల్ల ఒకతి ఉండేది, పేరు కాళి. ఏటి నడుమ ఉన్న లంకను రోజూ చూస్తూ దాటేది. ఎప్పుడూ దిగలేదు.”