పక్క ఖాళీ ప్లాట్ల నిండా వయ్యారిభామ కలుపు: ప్రైవేటు స్థలమైతే జీవీఎంసీ (విశాఖ నగర కార్పొరేషన్) ఏమైనా చేయగలదా?

కొమ్మాది నివాసి:

అందరికీ నమస్కారం. మేం ఉండేది కొమ్మాది దగ్గర ఒక పాత లేఅవుట్‌లో. సగం మంది ఇళ్లు కట్టుకున్నారు, మిగతావాళ్లు కొని అలా వదిలేశారు. వానలు మొదలైనప్పటి నుంచి ఆ వదిలేసిన ప్లాట్లలో వయ్యారిభామ నడుం ఎత్తు పెరిగింది, ఇప్పుడు తెల్లపూత కూడా వచ్చేసింది. మా అమ్మకి ముందే ఆయాసం. కిటికీ తీస్తే చాలు తుమ్ములు, రాత్రయ్యేసరికి పిల్లికూతలు. మా చిన్నోడి మోచేతుల మీద దద్దుర్లు వస్తే చర్మం డాక్టర్ గారు మొట్టమొదట అడిగింది ఇంటి చుట్టూ వయ్యారిభామ ఉందా అని.

రోడ్డు పక్కన ఉన్నదాన్ని మొన్నామధ్య కాంట్రాక్టు కూలీలు వచ్చి మిషన్‌తో కోసి వెళ్లారు. పూతతో ఉన్న మొక్కల్ని కోసి అక్కడే కుప్పలుగా వదిలేశారు, వేళ్లు భూమిలోనే ఉన్నాయి, నాలుగు చినుకులు పడగానే మళ్లీ చిగురేసింది. పక్క ప్లాట్లు కూడా చేయండి బాబూ అంటే ప్రైవేటు స్థలంలో మేం దిగకూడదన్నారు. మా గోడ పక్క ప్లాటు యజమాని హైదరాబాద్‌లో ఉంటారు, ఫోన్ చేసిన ప్రతిసారీ "చూద్దాం లెండి" అంటారు.

నేను అడిగేది ఒక్కటే. రోడ్డు మీది మొక్క ప్రభుత్వానిది, గోడ అవతలి మొక్క ఆయనది అంటే, గాలికి వచ్చే పుప్పొడి ఎవరిది? చట్టప్రకారం ఎవరైనా ఆయన చేత పీకించగలరా, లేక మేమే గోడ దూకి పీక్కోవాలా?

ఆరిలోవ పెద్దాయన:

గోడ దూకకండి బాబూ. అనుమతి లేకుండా ఇంకొకరి స్థలంలో దిగితే రేపు తగాదా మీ మెడకే చుట్టుకుంటుంది. నేను మున్సిపల్ పనుల్లో చాలాకాలం ఉండి రిటైరైనవాణ్ణి కాబట్టి తెలిసింది చెప్తాను.

కూలీలు మీతో అన్న మాట వాళ్ల మట్టుకు నిజమే. నోటీసు లేకుండా వాళ్లు ప్రైవేటు స్థలంలో దిగలేరు. కానీ నోటీసు ఇచ్చే అధికారం కమిషనర్‌కి ఉంది. మన నగరం 1979 నాటి విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కింద నడుస్తుంది, అది 1955 నాటి హైదరాబాద్ చట్టాన్నే ఇక్కడికి తెచ్చుకుంది. చుట్టుపక్కలవాళ్ల ఆరోగ్యానికి ఇబ్బందిగా ఉన్న స్థలాన్ని శుభ్రం చేయమని యజమానికి గడువు పెట్టొచ్చు, ఆయన చేయకపోతే కార్పొరేషనే చేయించి ఆ ఖర్చు ఆయన దగ్గర రాబట్టొచ్చు. అందుకని అర్జీలో "గడ్డి పెరిగింది" అని రాయకండి. గడ్డి అంటే ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఆయాసం మనిషి ఉన్నారని, డాక్టర్ ఏమన్నారో, అది రాయండి. ప్లాటు నంబరు, సర్వే నంబరు, తేదీ పడిన ఫోటోలు జత చేయండి. ముందు మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీకి ఇవ్వండి. అక్కడ కదలకపోతే సోమవారం జరిగే పీజీఆర్ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చి రసీదు తీసుకోండి. యజమాని ఎవరో తెలియని ప్లాట్లకి ఖాళీ స్థలం పన్ను రికార్డు చూడమని అందులోనే అడగండి, పన్ను ఎవరి పేరున కడుతున్నారో అక్కడ ఉంటుంది.

ఇంకో పాత చట్టం కూడా ఉంది. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1919లో, పంటల పురుగులు, తెగుళ్ల మీద ఒక చట్టం చేశారు. హానికరమైన కలుపు మొక్కల్ని కూడా అందులో పెట్టారు. ప్రభుత్వం ఏదైనా మొక్కని అలా ప్రకటిస్తే, ఆ భూమి ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లే దాన్ని తీయాలి. పొలాల్ని దృష్టిలో పెట్టుకుని చేసింది గనక మీ ప్లాటుకి మున్సిపల్ నోటీసే దగ్గరి దారి.

ఒక చిక్కు మాత్రం ఉంది. సింహాచలం పంచగ్రామాల్లాంటి చోట్ల అసలు భూమి ఎవరిదన్న దగ్గరే తగువు, అక్కడ నోటీసు ఎవరి పేరున పంపాలో తేలదు. మీది అప్రూవ్డ్ లేఅవుట్ అయితే ఆ బాధ ఉండదు.

అనకాపల్లి అగ్రికల్చర్:

పెద్దాయన చట్టం చెప్పారు, నేను మొక్క సంగతి చెప్తాను, ఎందుకంటే నోటీసు ఇచ్చి పూత అయ్యాక పీకిస్తే వచ్చే లాభం చాలా తక్కువ.

వయ్యారిభామ మొలిచాక నెల, నెలన్నరలో పూతకొస్తుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క పది వేల నుంచి పాతిక వేల వరకు గింజలు రాలుస్తుంది. గింజ చాలా సన్నం, గాలికి, వాన నీటికి, బండి టైర్ల మట్టికి అంటుకుని పోతుంది, భూమిలో పడి ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. మన నేల మొక్క కాదిది, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1950ల్లో పుణె దగ్గర కనిపించింది, దిగుమతి గోధుమలతో వచ్చిందని ఎక్కువ మంది అంటారు. అక్కడి నుంచి దేశమంతా పాకిపోయింది. మన నేల పురుగుల్లో దీన్ని అదుపు చేసేంతగా తినేది లేదు, పశువు ముట్టదు, వేరే పచ్చిక లేక ముట్టినా పాలు చేదెక్కుతాయి. ఇంక దీనికి అడ్డేముంది?

కాబట్టి పీకాల్సింది పూతకి ముందు, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా. మిషన్‌తో పైపైన కోస్తే మొదలు నుంచి మళ్లీ కొమ్మలేస్తుంది, మీ రోడ్డు పక్కన జరిగింది అదే. చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు, నిండా చేతుల చొక్కా ఉండాలి. ఆయాసం, అలర్జీ ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లోకి రావద్దు. పూత రాని మొక్కల్ని గుంటలో వేసి ఎరువు చేసుకోవచ్చు. మీ ప్లాట్లలో పూత వచ్చేసింది అంటున్నారు కాబట్టి నెమ్మదిగా పీకి, సంచుల్లో కట్టి, లోతుగా పాతిపెట్టాలి. రోడ్డు మీద కుప్ప మాత్రం పెట్టొద్దు.

ఇంటి పునాది పక్కన, రాళ్ల మధ్య, పీకడం కుదరని చోట లీటరు నీటికి 200 గ్రాముల కల్లుప్పు కలిపి, లేత మొక్కల మీద ఎండ ఉన్నప్పుడు ఆకులు తడిసేలా కొట్టొచ్చు. మొక్కలు పెంచుకోవాలనుకున్న నేలలో వద్దు, మట్టి పాడవుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టేద్దాం అని ఎవరో ఒకరు అంటారు, దాని జోలికి పోకండి. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, పైగా ఇళ్ల మధ్య పిల్లలు తిరిగే చోటు.

పీకిన నేలని ఖాళీగా వదిలేస్తే వచ్చే వానకి మళ్లీ అదే మొలుస్తుంది. తగిరిస గింజలు చల్లండి, అది గుబురుగా లేచి వయ్యారిభామని ఎదగనివ్వదు. మెక్సికో నుంచి 1983లో మన శాస్త్రవేత్తలు తెప్పించిన పెంకు పురుగు ఒకటుంది, ఈ మొక్క ఆకుల్ని తినేస్తుంది. కానీ అది వానాకాలంలోనే చురుగ్గా ఉండి తర్వాత మట్టిలోకి వెళ్లి పడుకుంటుంది, ఒక్క ప్లాటు కోసం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పెద్ద బయళ్లకైతే మా అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో సలహా అడగండి.

పెందుర్తిలో ప్లాటు, బెంగళూరులో ఉద్యోగం:

మా వైపు మాట కూడా కొంచెం వినండి. నాకు పెందుర్తిలో ప్లాటు ఉంది, నేనూ మీరు తిట్టుకునే ఆ దూరపు యజమాని లాంటివాణ్ణే. మనిషిని పెట్టి శుభ్రం చేయిస్తాను, కానీ నా ప్లాటు వెనక ఉన్న ప్రభుత్వ స్థలం మొత్తం సర్కారు తుమ్మ, వయ్యారిభామ. నాది పీకించిన మర్నాటి నుంచే అక్కడి గింజలు నాలోకి వస్తాయి. తుమ్మ సంగతి అడగొద్దు, నరికితే మోడు నుంచి నాలుగింతలు లేస్తుంది, జేసీబీ పెట్టి వేరు దుంపతో సహా పెకలిస్తే తప్ప పోదు, దానికయ్యే డబ్బు తక్కువేం కాదు. ప్రైవేటు వాళ్లకి నోటీసులు అంటున్నారు సరే, ప్రభుత్వ స్థలానికి నోటీసు ఎవరిస్తారు?

చట్టం ఒక్కటే చాలదు అని కూడా చెప్పాలి. ఇక్కడ కర్ణాటకలో వయ్యారిభామని 1975లోనే హానికర కలుపుగా ప్రకటించారు. అయినా ఇప్పటికీ బెంగళూరు ఖాళీ సైట్లలో ఎటు చూసినా అదే. ప్రకటించడం తేలిక, ఏటా సరైన నెలలో మనుషుల్ని దింపడం కష్టం. నా మాటైతే, వానల మొదట్లో కార్పొరేషనే లేఅవుట్ మొత్తం, ప్రభుత్వ స్థలం ప్రైవేటు స్థలం తేడా లేకుండా ఒకేసారి తీయించి, ఖర్చు ఖాళీ స్థలం పన్నుతో కలిపి వేస్తే నేను మారుమాట్లాడకుండా కడతాను.

గాజువాక గెడ్డ పక్కన:

బెంగళూరు అన్న చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఒకేసారి తీయాలన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. మా దగ్గర గెడ్డలో, అంటే వాగులో, గుర్రపుడెక్క అలాగే ఉంటుంది, కింద తీస్తే పైనుంచి కొట్టుకొస్తుంది, ఏ ముక్క మిగిలినా పిలకలేసి మళ్లీ గెడ్డంతా కప్పేస్తుంది, వాన గట్టిగా పడితే నీళ్లు పోయే దారి లేక వీధిలోకి వస్తాయి, దోమల సంగతి సరేసరి. పైన ఒక సంస్థ హద్దు, మధ్యలో ఇంకో సంస్థ హద్దు, కింద కార్పొరేషన్. ముగ్గురూ ఒకే వారంలో దిగితే తప్ప ఉపయోగం లేదు.

కానీ ప్రభుత్వ స్థలం శుభ్రం చేసేదాకా నేనూ చేయను అంటే మాత్రం తప్పు. దూరంగా ఉన్న మీకు అది ఖర్చు, గోడ పక్కన ఉన్నవాళ్లకి అది ఊపిరి. మీ వంతు మీరు చేసి, ఆ రసీదు పెట్టి ప్రభుత్వ స్థలం గురించి అర్జీ ఇవ్వండి, అప్పుడు మీ మాటకి బరువు ఉంటుంది.

కొమ్మాది గారూ, మీ కాలనీ సంఘం తరఫున యజమానులందరికీ ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టి, "నా ప్లాటులో కలుపు తీయించడానికి నాకు అభ్యంతరం లేదు" అని రాతపూర్వకంగా తీసుకోండి. చాలామంది డబ్బులు అడగనంతవరకు వెంటనే ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్ల మీదే నోటీసుకి వెళ్లండి, అప్పుడు అధికారులకీ పని తగ్గుతుంది.

కొమ్మాది నివాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. హైదరాబాద్ ఆయనకి అనుమతి ఇవ్వమని మెసేజ్ పెట్టాను, ఈసారి "సరే, చేయించండి, సగం డబ్బులు పంపుతా" అన్నారు. స్క్రీన్‌షాట్ దాచాను. జవాబు ఇవ్వని ప్లాట్ల నంబర్లు, ఫోటోలు కలిపి సోమవారం పీజీఆర్ఎస్‌లో ఇస్తాను, రోడ్డు మార్జిన్‌లో కోతకి బదులు వేరుతో సహా తీయించమని కూడా అందులోనే రాస్తాను. అమ్మని ఆ నాలుగు రోజులు సీతమ్మధారలో అక్కయ్య ఇంటికి పంపుతున్నాం.

అనకాపల్లి గారూ, తగిరిస గింజలు ఎక్కడ దొరుకుతాయి? ఏ నెలలో చల్లాలి?

అనకాపల్లి అగ్రికల్చర్:

కొనక్కర్లేదండి. భీమిలి రోడ్డు పక్కన, ఆనందపురం వైపు పొలం గట్ల మీద బోలెడు ఉంటుంది, పసుపు పూలు, సన్నటి పొడవు కాయలు. వానలు తగ్గాక కాయలు ఎండుతాయి, అప్పుడు కోసి గింజలు దాచుకుని మే నెలాఖరులో, తొలి వానకి ముందు చల్లండి. ఈలోపు శీతాకాలం వానలకి ఇంకో విడత వయ్యారిభామ మొలుస్తుంది, దాన్ని నాలుగైదు ఆకుల మీద ఉన్నప్పుడే పీకించండి.