పాత హోమ్ కంప్యూటర్లలో అసలు విడిభాగాలు మార్చడం సేకర్తకు తగునా?

పాతమీటలు (చర్చ ప్రారంభం):

సభ్యులందరికీ నమస్కారం. ఒక పాఠశాల వదిలించుకున్న బీబీసీ మైక్రో అనే పాత కంప్యూటరు ఇటీవల నా సేకరణలో చేరింది. పెట్టె మీద స్టాకు రిజిస్టరు సంఖ్య ఎర్ర పెయింటుతో రాసి ఉంది, లోపల ఒక చిప్ మీద చేతిరాత చీటీ అంటించి ఉంది, ప్లాస్టిక్ బాగా పసుపెక్కింది. దీనికి నేను ఇంకా కరెంటు ఇవ్వలేదు. ఇచ్చేముందు పవర్ సప్లైలోని పాత కెపాసిటర్లు (విద్యుత్ చార్జిని నిలిపి ఉంచే భాగాలు) మార్చి, పెట్టెను తెల్లబరచి, ఫ్లాపీ డ్రైవుకు బదులు మెమరీ కార్డు అమర్చాలన్నది నా ఆలోచన. ఇలా చేయడం యంత్రాన్ని పాడుచేయడమేనని మన సేకర్తలలో కొందరు గట్టిగా నమ్ముతారు గనుక, వారి వాదన వినాలనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా పక్షం ఇది. స్విచ్ వేయగానే చిన్న కూత పెట్టి, నేరుగా బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి తీసుకెళ్లి, మీటల ముందు కూర్చున్నవారి ఆజ్ఞ కోసం ఎదురుచూడడం ఈ యంత్రపు అసలు స్వభావం. 1981లో ఏకార్న్ సంస్థ దీన్ని తయారుచేసింది ఆ పని కోసమే, బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984–85లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశపు బడులకు ఈ రకం యంత్రాలు వచ్చిందీ ఆ పని కోసమే. ఇంగ్లండులోని బ్లెచ్లీ పార్కులో ఉన్న కంప్యూటింగ్ మ్యూజియం బీబీసీ మైక్రోలతో ఒక తరగతి గదినే ఏర్పాటుచేసి, వచ్చిన పిల్లలను వాటి మీద ప్రోగ్రాములు రాయనిస్తోంది. పని చేయని కంప్యూటరును చూసి పిల్లలు ఏమి నేర్చుకుంటారు?

గోదావరిగట్టు:

పాతమీటలు గారూ, మీ ఉద్దేశం మంచిదే అయినా మీరు తలపెట్టిన మూడు పనులనూ నేను వ్యతిరేకిస్తున్నాను. బేసిక్ ఎలా ప్రవర్తిస్తుందో, ఆ కూత ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి నేడు ఎమ్యులేటర్లు, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములు, ఉన్నాయి, వాటికి ఏ యంత్రాన్నీ విప్పనక్కరలేదు. ఎమ్యులేటరు చెప్పలేనిది ఒక్కటే: ఈ ఒక్క పెట్టె ఎక్కడ తిరిగింది, ఎవరు వాడారు, చెడిపోయినప్పుడు ఎవరు ఏ భాగంతో బాగుచేశారు అన్న చరిత్ర. అది సోల్డరింగులో, గీతల్లో, ఆ ఎర్ర పెయింటులో ఉంది. క్లాస్ పథకపు కాలంలో మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ ఈ యంత్రాన్నే యూనికార్న్ పేరుతో ఇక్కడ తయారుచేసింది. దిగుమతి అయిన బోర్డుకూ ఇక్కడ కూర్చిన బోర్డుకూ తేడా పట్టుకోవాలంటే అసలు భాగాల మీది ముద్రలే ఆధారం. వాటిని ఊడదీసి కొత్తవి వేశాక రేపు పరిశోధించేవారికి మనం ఏమి చూపిస్తాం?

సర్క్యూట్‌బోర్డు:

రిపేరు పని చేసేవాడిగా నేను ఈ మూడు పనులనూ విడదీసి చూడమని కోరుతున్నాను, ఎందుకంటే వాటి వెనుక ఉన్న ప్రమాదాలు ఒకటి కావు.

ముందు పవర్ సప్లై సంగతి. సేకర్తలు రీఫాలు అని పిలిచే ఫిల్టర్ కెపాసిటర్లలో కాగితపు పొరలు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ పైనున్న పారదర్శకమైన పసుపు తొడుగు చిట్లి, గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. ఆ స్థితిలో కరెంటు ఇస్తే గది నిండా దుర్వాసనతో కూడిన పొగ వస్తుంది. మన తీరప్రాంతపు ఉక్కలో ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న యంత్రంలో ఆ తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుందని నేను నమ్మను. వేరియాక్‌తో, అంటే వోల్టేజిని తగ్గించీ పెంచీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరుతో, దాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవచ్చని కొందరు సలహా ఇస్తారు. అది వాల్వు రేడియోలకు చెల్లుతుంది గాని, చాలా బీబీసీ మైక్రోలలో ఉన్న స్విచ్ మోడ్ సప్లైకి చెల్లదు. దానికి వోల్టేజి తగ్గిస్తే ఆ లోటును పూడ్చుకోవడానికి అది ఎక్కువ కరెంటు లాగుతుంది.

ఇక కదిలించకుండా ఉంచితే యంత్రం అలాగే ఉంటుందన్న అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. అమిగా 500 ప్లస్ అనే హోమ్ కంప్యూటరు మదర్‌బోర్డు మీద నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. పెట్టెలో భద్రంగా దాచినా ఆ బ్యాటరీ కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేస్తుంది. 1989 నాటి మాకింటాష్ ఎస్ఈ/30 కంప్యూటరులో చిన్న కెపాసిటర్లదీ ఇదే కథ. గోదావరిగట్టు గారు కాపాడాలనుకునే సాక్ష్యాన్ని అక్కడ ముందుగా చెరిపేసేది ఆ అసలు భాగమే. కమోడోర్ 64 అనే హోమ్ కంప్యూటరు వెంట వచ్చిన పవర్ సప్లై ఇంకా మొండిది: లోపలి రెగ్యులేటర్ చెడితే 5 వోల్టుల తీగలో వోల్టేజి పెరిగి మెమరీ చిప్‌లు కాలిపోతాయి, ఆ పెట్టె నిండా గట్టిపడిన రెసిన్ పోసి ఉండడం వల్ల బాగుచేయడమూ సాధ్యం కాదు. దాన్ని అల్మరాలో దాచి, యంత్రాన్ని కొత్త సప్లైతో నడపడమే మంచిది.

జేబుయంత్రం:

నేను జేబులో పట్టే పరికరాలు సేకరిస్తాను, నా అనుభవం సర్క్యూట్‌బోర్డు గారి మాటలకు దగ్గరగా ఉంది. వాక్‌మన్ క్యాసెట్ ప్లేయరులో రబ్బరు బెల్టు మెత్తబడి జిగురులా మారి కప్పీలకు అతుక్కుపోతుంది. అది అరిగితే మార్చడానికే పెట్టిన భాగం గనుక, దాన్ని మార్చడాన్ని ఎవరూ తప్పుపట్టనవసరం లేదు. అయితే 1999లో వచ్చిన పామ్ ఫైవ్ అనే అరచేతి కంప్యూటరు లాంటిదానిలో లిథియం బ్యాటరీ జిగురుతో అతికించిన లోహపు తొడుగు లోపల ఉంటుంది, వేడిచేసి విప్పితే ఆ తొడుగు మళ్లీ మునుపటిలా కుదరకపోవచ్చు. బ్యాటరీ ఉబ్బితే మాత్రం విప్పక తప్పదు.

అరుదుదనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా సూచన. కమోడోర్ 64 కోటికి పైగా అమ్ముడైంది, దానిలో ఒకదానికి మెమరీ కార్డు అమర్చినంత మాత్రాన చరిత్రకు లోటు రాదు. బెంగళూరులో రూపొంది 2004లో అమిడా పేరుతో అమ్మకానికి వచ్చిన సింప్యూటర్ అనే చేతి కంప్యూటరు కొద్దిమంది చేతికే చేరింది. అలాంటిదాన్ని తెరవడానికి నేను సాహసించను.

గోదావరిగట్టు:

కారుతున్న బ్యాటరీని తీయాలన్న విషయంలో నాకు అభ్యంతరం లేదు, పొగ వచ్చే కెపాసిటర్ల విషయంలోనూ సర్క్యూట్‌బోర్డు గారి వాదన బలంగానే ఉంది. కానీ తెల్లబరచడాన్ని మాత్రం ఏ కారణం చేతనూ సమర్థించలేను. అతినీలలోహిత కాంతి వల్ల, వేడి వల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. 2008 ప్రాంతంలో సేకర్తలలో ప్రచారంలోకి వచ్చిన పద్ధతిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి మళ్లీ కాంతికే గురిచేస్తారు. పూత సమంగా లేకపోతే చారలు పడతాయి, కొన్నేళ్లకు పసుపు తిరిగి వస్తుంది. ఆ పసుపు వల్ల యంత్రం పనిలో లోపమేమీ లేదు గనుక, ఇది కేవలం మన కంటికి నచ్చడం కోసం చేసేది. పైగా ఆ రసాయనం తగిలితే రిజిస్టరు సంఖ్య రాసిన పెయింటు నిలుస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు? ఒక ప్రభుత్వ బడి ఈ కంప్యూటరును బల్లలతో, బీరువాలతో పాటు తన ఆస్తుల పట్టీలో రాసుకున్నదనడానికి ఆ అంకెలే మిగిలిన రుజువు.

చిప్ మీది చీటీని కూడా పీకవద్దు. అది ఈప్రామ్ (అతినీలలోహిత కాంతితో సమాచారం చెరిగిపోయే చిప్) అయితే, చీటీ కింద ఉన్న గాజు కిటికీలో అతినీలలోహిత కాంతి పడకుండా కాపాడుతున్నది ఆ కాగితమే. ఆ బడికోసం ఎవరైనా రాసిన ప్రోగ్రాము అందులో ఉండవచ్చు, దానికి ఇంకెక్కడా ప్రతి లేకపోవచ్చు.

పాతమీటలు:

ఆ చీటీ విషయం నా ఆలోచనలోకి రాలేదు, గుర్తుచేసినందుకు గోదావరిగట్టు గారికి కృతజ్ఞతలు. మిగతా పనులన్నిటికంటే ముందు ఆ చిప్‌లోని సమాచారాన్ని రీడరుతో చదివించి ప్రతి తీసుకుంటాను. పెట్టెను తెల్లబరచే ఆలోచన మానుకుంటున్నాను, మెత్తటి గుడ్డతో దుమ్ము మాత్రం తుడుస్తాను. ఫ్లాపీ డ్రైవును విప్పకుండా, మెమరీ కార్డు పరికరాన్ని బయటి పోర్టుకే తగిలిస్తాను.

కెపాసిటర్లు మాత్రం మారుస్తాను. తీసిన ప్రతి భాగాన్నీ, అది ఉన్న చోటు, తీసిన తేదీ రాసిన కవరులో పెట్టి, ముందూ వెనుకా తీసిన ఫోటోలతో పాటు యంత్రంతోనే ఉంచుతాను. రేపు ఇది మరొకరి చేతికి వెళ్లినా ఆ కవరు కూడా వెళ్లాలి. అయినా యంత్రాన్ని నడపకుండా దాచాలన్న మాటకు నేను ఇప్పటికీ అంగీకరించను. ఎమ్యులేటరులో కూత వినవచ్చు గాని, ఆ బరువైన మీటల మీద ఒక పిల్ల తన పేరు పది సార్లు తెరపై వచ్చేలా రాసుకోవడం యంత్రం ముందే జరగాలి. సర్క్యూట్‌బోర్డు గారూ, కొత్త ఫిల్టర్ కెపాసిటర్లను ఏ రేటింగుతో కొనాలో, కాగితపు రకానికి బదులు ఫిల్మ్ రకం వాడవచ్చో చెప్పగలరా?

సర్క్యూట్‌బోర్డు:

ఫిల్మ్ రకమే వాడండి, విలువ పాతదే ఉండాలి. కరెంటు తీగల మధ్య అడ్డంగా వేసేవాటి మీద ఎక్స్2 అన్న భద్రతా ముద్ర తప్పనిసరి. పెద్ద కెపాసిటరులో చార్జి నిలిచి ఉండవచ్చు గనుక, మీటరుతో చూసుకోకుండా బోర్డు మీద చేయి వేయవద్దు.