డిస్పోజల్ డాడ్జ్‌కి పాత పెట్రోల్ ఇంజనే ఉంచాలా, డీజిల్ దింపాలా? మొదటిసారి చేసేవాడికి ఏది నయం?

లంక కొబ్బరి:
మా తాతగారు కొన్న డిస్పోజల్ లారీ ఒకటి ముమ్మిడివరం అవతల మా పాత కొబ్బరి కొట్టులో ఉందండి. యుద్ధకాలం నాటి అమెరికన్ డాడ్జ్. ముప్పావు టన్నుది, ఫోర్ వీల్ డ్రైవ్, స్టీరింగ్ ఎడమ పక్క. యుద్ధం అయ్యాక మిలిట్రీవాళ్ళు వదిలించుకున్న సరుకులో వచ్చిందట. చాలాకాలం తోటలోంచి కాలవ రేవుకి కాయలు తోలేవారు. 96 తుఫానుకి కొట్టు రేకులు లేచిపోయి బండిలో నీళ్ళు నిలిచాయి. అప్పటినుంచి కదల్లేదు.

నేను మెకానిక్‌ని కాదు, రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. బుల్లెట్ కార్బురేటర్ విప్పి కడిగి మళ్ళీ బిగించడం వరకు వచ్చు. ఆదివారాలు కూర్చుని దీన్ని నేనే బాగుచేసుకోవాలని కోరిక. మా ఊరి మిస్త్రీ మాత్రం "ఆ ఇంజన్ పాత ఇనుము కింద తూకానికి వేసేయండి, పాత మహీంద్రా డీజిల్ దింపేద్దాం, రెండు నెలల్లో రోడ్డెక్కిస్తాను" అంటున్నాడు. ఇంట్లోవాళ్ళదీ అదే మాట. ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్ స్పానర్:
మీ మిస్త్రీ చెప్పిందే కరెక్టు. బెజవాడ ఆటోనగర్లో ముప్పయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ఆ పెట్రోల్ ఇంజన్ లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లకి మించి ఇవ్వదు. ఈ రేట్లకి అమలాపురం వెళ్ళి వచ్చేసరికి జేబు ఖాళీ. పిస్టన్ కావాలంటే ఏ దేశం నుంచో తెప్పించాలి. మహీంద్రా డీజిల్‌కైతే రావులపాలెంలోనే సామాను దొరుకుతుంది, రాత్రి పదింటికి ఆగిపోయినా బాగుచేసేవాడు ఉంటాడు. తిరిగే బండే బతుకుతుంది, నిలబెట్టిన బండి ఎలక్కి ఇల్లు. ఒరిజినల్, ఒరిజినల్ అని మొదలుపెట్టి సగంలో వదిలేసిన బండ్లు నా షెడ్డు వెనకే ఉన్నాయి, కావాలంటే వచ్చి చూడండి.

సైడ్ వాల్వ్:
గురువుగారితో ఒక్క దగ్గర గట్టిగా విభేదిస్తాను. ఇంజన్ మార్చడం తేలిక అన్నది మిస్త్రీకి నిజం. మొదటిసారి పానా పట్టేవాడికి అదే అన్నిటికంటే కష్టమైన పని.

ఎందుకో చూడండి. కొత్త ఇంజన్ మూతికీ పాత గేర్‌బాక్స్ మూతికీ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో మందపాటి ప్లేటు లేత్ మీద చేయించాలి. అది వెంట్రుకవాసి పక్కకి పోయినా గేర్‌బాక్స్ ముందు బేరింగ్ ఏడుస్తూనే ఉంటుంది. ఇంజన్ ఫౌండేషన్లు కొత్తగా కట్టాలి, అంటే ఛాసిస్ మీద వెల్డింగ్. ఉప్పునీళ్ళు తాగిన ఛాసిస్ అది! పైగా రేడియేటరు గొట్టాలు, క్లచ్ లింకులు, వైరింగ్ అన్నీ మారతాయి. ఆ డాడ్జ్ యాక్సిల్ రేషియో 5.83, అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే షాఫ్టు దాదాపు ఆరుసార్లు తిరగాలి. ముందు, వెనక చక్రాలకి బలం పంచే ట్రాన్స్‌ఫర్ బాక్స్‌కి ఒకటే స్పీడు. 3,200 ఆర్‌పీఎం దగ్గర 92 గుర్రాలిచ్చే ఇంజన్‌కి తగ్గట్టు కట్టిన లెక్క అది. నెమ్మదిగా తిరిగే డీజిల్ పెడితే టాప్ గేర్లో కూడా లూనాలు దాటిపోతాయి. ఇవన్నీ సర్దాలంటే డిజైన్ తెలియాలి. పాత ఇంజన్ అయితే తన చోట తాను కూర్చునే ఉంది, దాని బోల్టులు దానికి ఉన్నాయి.

నేర్చుకునేవాడికి అంత మంచి ఇంజన్ కూడా దొరకదు. వరుసగా ఆరు సిలిండర్లు, 230 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 3.8 లీటర్లు. వాల్వులు బ్లాకులోనే పక్కన ఉంటాయి. హెడ్ అంటే వట్టి మూత. బోల్టులు తీసి పైకి ఎత్తితే ఆరు పిస్టన్లు, పన్నెండు వాల్వులు ఒక్క చూపులో కనిపిస్తాయి. కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలీ పెట్రోలూ నొక్కుకునే నిష్పత్తి, 6.7 మాత్రమే కాబట్టి నేటి పెట్రోల్‌తో ఇంజన్ టకటకా కొట్టుకోదు.

సామాను సంగతి. ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో చాలా ఏళ్ళు డాడ్జ్, ఫార్గో లారీలు తయారుచేసింది. అందులో పెట్రోల్ లారీల ఇంజన్లూ ఈ సైడ్ వాల్వ్ కుటుంబంలోవే. అన్ని సైజులూ ఒకటి కావు, కొలిచి కొనాలి. కానీ అసలు దొరకవు అనడం తప్పు.

ముందు ఒక పని చెయ్యండి. ఇంజన్ బ్లాకు ఎడమ పక్క, డైనమో వెనక ఒక చదును ఉంటుంది. వైరు బ్రష్షుతో రుద్దితే "టి 214" అని మొదలయ్యే నంబరు కనిపించాలి. లేకపోతే మీ తాతగారి హయాంలోనే ఇంజన్ మారిపోయి ఉంటుంది, ఇక మనకి ఈ గొడవే లేదు.

రేవు పిట్ట:
మిలిట్రీ డాడ్జ్ అంటున్నారు, కాకినాడ మీద జపాన్ వాడు బాంబులేసినప్పుడు ఇక్కడే తిరిగిందేమోనండీ!

సైడ్ వాల్వ్:
ఛాన్సే లేదండీ. బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఈ ముప్పావు టన్ను మోడల్ అమెరికాలో తయారవడం మొదలైందే ఆ ఏడాది. సముద్రాలు దాటి వచ్చేది ఎప్పుడు?

రూల్ బుక్:
ఇంజన్ గొడవలో కాగితాలు మర్చిపోతున్నారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 2021లో వింటేజ్ బండ్ల కోసం కొత్త రూల్స్ చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, సొంత వాడకం బండి అయ్యుండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. డీజిల్ దింపిన రోజే ఆ తలుపు మూసుకుపోతుంది. మామూలు రిజిస్ట్రేషన్లో ఉన్నా సరే, ఇంజన్ మార్చాలంటే మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి కావాలి.

ఇంకో మెలిక. అదే నిబంధనల్లో 121వది, రక్షణ శాఖ బండ్లకి తప్ప వేరే ఏ బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వెయ్యకూడదంటుంది. అంటే ఒరిజినల్‌గా ఉంచమని ఒక రూలు, ఒరిజినల్ రంగు వద్దని ఇంకో రూలు. స్టీరింగ్ ఎడమ పక్క కాబట్టి చట్టం 120వ సెక్షన్ ప్రకారం సిగ్నల్ లైట్లు పనిచేస్తూ ఉండాలి. మీ ఆర్‌సీలో గూడ్స్ బండి అని రాసి ఉంటే వింటేజ్ కింద ఒప్పుకోకపోవచ్చు. పైసా ఖర్చు పెట్టకముందే ఆ పాత కాగితం పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళండి.

ఆటోనగర్ స్పానర్:
రూల్స్ చెప్పారు, బాగుంది. మిగతా సగం కూడా చెప్పండి మరి. వింటేజ్ నంబరు వచ్చిన బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, రిపేరుకి, పెట్రోల్ కొట్టించుకోవడానికి, అంతే. ఆ మాత్రం దానికి ఇన్ని లక్షలా? తాతగారు కాయలు తోలిన బండితో మనవడు కాయలు తోలితే కదా సరదా.

ఉప్పుగాలి:
మాది తాళ్ళరేవు, ఇంట్లో పడవల పని. ఇద్దరు పెద్దమనుషులూ ఇంజన్ దగ్గరే కొట్టుకుంటున్నారు. తమ్ముడూ, ఆ బండి చక్రం ఒక్కటి కూడా ఇంకా ముట్టుకోలేదు కదా? ముట్టుకోకముందే ఇది చదువు.

ఆ మిలిట్రీ రిమ్ము రెండు ముక్కలు, బోల్టులతో కలిపి బిగించి ఉంటుంది. చక్రాన్ని హబ్బుకి పట్టే నట్లు వేరు, రిమ్ము ముక్కల్ని పట్టే నట్లు వేరు. టైరులో గాలి ఉండగా ఆ రెండో రకం నట్లు విప్పితే రిమ్ము విడిపోయి మొహానికి తగులుతుంది, మనిషి దక్కడు. టైరు పాతదే కదా, గాలి ఎక్కడుంటుంది అనుకోవద్దు. వాల్వ్ పిన్ను పీకి, తీగ దూర్చి చూసి, అప్పుడు చెయ్యి పెట్టు. ఎడమ పక్క చక్రాల నట్లకి మర తిరగేసి ఉంటుంది, నట్టు మీద "ఎల్" అని ఉంటుంది. పంక్చర్ షాపు కుర్రాడికి ఆ సంగతి తెలియదు, రాడ్డుకి పైపు తొడిగి లాగితే స్టడ్డు విరిగి చేతికొస్తుంది. టైర్ల కోసం మాత్రం దిగులు పడకు. సైజు 9.00-16, ట్రాక్టర్ ట్రక్కులకి వేసే సైజే.

మన దగ్గర నేల ఒండ్రు మట్టి. జాకీ పెట్టి ఎత్తితే బండి లేవదు, జాకీ దిగుతుంది. కింద తాటి దూలాలు అడ్డంగా పరిచి, వాటిమీద స్టాండ్లు వేసి, అప్పుడు దూరు.

తరవాత తుప్పు. బాడీ మీద కనిపించేది ఏమీ చెయ్యదు. కమాన్ పట్టీల బ్రాకెట్లు ఛాసిస్‌కి రివిట్లు కొట్టిన చోట, రెండు రేకులు అతుక్కున్న సందుల్లో ఉప్పు కూర్చుని ఉంటుంది. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ వెళ్ళు. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట మొద్దుగా తప్ మంటుంది, పొలుసు రాలుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టు. మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, అప్పుడు ఇసుక చిమ్మి తుప్పు దులిపే బ్లాస్టింగ్, ఆ పూటే ఎపాక్సీ ప్రైమరు. ఒక రాత్రి ఆగితే మన గాలికి మళ్ళీ ఎర్రబడుతుంది. మామూలు రెడ్ ఆక్సైడ్ వేసి ఊరుకున్న వాటిని మా రేవులో రోజూ చూస్తున్నాం.

బ్రేకులు కూడా అంతే. నాలుగు చక్రాలకీ ఒకటే ఆయిల్ లైను. ఒక్క వీల్ సిలిండర్ లీకైతే పెడల్ నేలకి దిగిపోతుంది. లైన్లన్నీ కొత్తవి వెయ్యాల్సిందే. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, తడిపి తుడిచెయ్యి.

ఖాళీ జేబు:
ఇదంతా చదివాక నా సలహా: ఆ బండిని అలాగే అమ్మేసి ఒక పాత మహీంద్రా జీపు కొనుక్కోండి. నేర్చుకోవడం అయ్యాక లారీ జోలికి వెళ్ళొచ్చు.

లంక కొబ్బరి:
అమ్మే ప్రసక్తి లేదండి, మా అమ్మ ఊరుకోదు. నంబరు చూశాను. గ్రీజు, పేడ, కందిరీగ గూడు అన్నీ గీకితే "టి 214" కనిపించింది. ఆర్‌సీ పెట్టెలో దొరికింది, ఛాసిస్ నంబరు కలిసింది. రూల్ బుక్ గారు భయపెట్టినట్టు గూడ్స్ అని లేదు, ప్రైవేటు అనే ఉంది. ఇంజన్ మాత్రం హ్యాండిల్ వేసి తిప్పితే కదలడం లేదు. బంధువులు ట్రాక్టర్ కట్టి గేర్లో లాగేద్దాం అంటున్నారు.

సైడ్ వాల్వ్:
లాగనివ్వకండి! పట్టేసిన ఇంజన్‌ని ట్రాక్టర్‌తో లాగితే రింగులు విరుగుతాయి, రాడ్డు వంగుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో డీజిల్, పలచటి గేర్ ఆయిల్ కలిపి పొయ్యండి. వదిలెయ్యండి. మళ్ళీ పొయ్యండి. తర్వాత హ్యాండిల్‌తో అటూ ఇటూ మెల్లగా ఊపండి, ఒక పక్కకే బలం పెట్టొద్దు. అప్పటికీ రాకపోతే హెడ్ ఎత్తి చూద్దాం.

పెట్రోల్ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపింది. అది గాల్లో తేమని లాక్కుంటుంది, పాత రబ్బరుని తినేస్తుంది. ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, పైపులు దానికి తట్టుకునేవి వేయించండి. బండి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చెయ్యండి. ట్యాంకుకి చిల్లి ఉంటే లోపల ఆవిరి పట్టించి కడగకుండా వెల్డింగ్‌కి ఇవ్వొద్దు, పేలుతుంది.

ఆటోనగర్ స్పానర్:
ఆర్‌సీ ప్రైవేటు అన్నారు కాబట్టి కాగితం వరకు ఆయన వాదనకి బలం వచ్చింది, ఒప్పుకుంటా. ఇంజన్ వరకు ఒప్పుకోను. హెడ్ ఎత్తాక వాల్వ్ సీటుకీ సిలిండర్ బోరుకీ మధ్య ఉన్న సన్నటి గోడ చూడండి. ఈ రకం ఇంజన్లు పగిలేది అక్కడే. కిరసనాయిలు రాసి తుడిచి, పైన సుద్దపొడి చల్లండి. పగులుంటే కాసేపటికి తడి గీత పైకి తేలుతుంది. గీత కనిపిస్తే పోత ఇనుము కుట్టే పనివాడు కావాలి, వాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే.

లంక కొబ్బరి:
సరేనండి. ముందు చక్రాలు, ఛాసిస్, బ్రేకులు. ఇంజన్ దాని చోటే ఉంటుంది, ఆయిల్ పోసి నానబెడతాను. డీజిల్ వద్దని మిస్త్రీకి చెప్పేశాను, కొంచెం అలిగాడు. స్పానర్ గారూ, వాటర్ పంపు బేరింగ్ మన దేశపు సైజుల్లో దొరుకుతుందా?

ఆటోనగర్ స్పానర్:
పంపు ఊడదీసి షాఫ్టు లావు, బేరింగ్ బయటి కొలత వెర్నియర్‌తో కొలిచి పెట్టండి, వెతికి పంపిస్తా. సుద్దపొడి పరీక్ష ఫొటో కూడా పెట్టండి. గీత కనిపిస్తే మాత్రం మళ్ళీ డీజిల్ మాటే ఎత్తుతాను, అప్పుడు సైడ్ వాల్వ్ గారు అడ్డు రాకూడదు.

సైడ్ వాల్వ్:
వస్తాను.