అప్‌డేట్: బ్యాలెన్సర్ వెనక రీరైట్ రూల్స్ పనిచేయని సమస్య తీరింది

ముందు వైపు అపాచీ 2.4 వెబ్ సర్వర్, దాని వెనక రెండు బ్యాకెండ్ సర్వర్లు, వాటికి రిక్వెస్టులు పంచే బ్యాలెన్సర్ - ఇదీ మా సెటప్. పాత లింకుల్ని కొత్త అడ్రస్‌లకి మార్చే రీరైట్ రూల్స్ పెట్టినా, ఆ లింకులు ఒకసారి తెరుచుకుని, ఇంకోసారి 404 (పేజీ లేదు) ఇస్తున్నాయని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

"ముందు రీరైట్ లాగ్ చూడు" అన్న సలహా పనిచేసింది. లాగ్‌లెవెల్‌లో (లాగ్‌లో ఎంత వివరం రాయాలో చెప్పే సెట్టింగ్) రీరైట్‌కి ట్రేస్3 అనే వివరమైన స్థాయి పెడితే ఒక్క లైన్ కూడా రాలేదు! రూల్స్ అన్నీ డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో (సైట్ ఫోల్డర్‌లో ఉండే సెట్టింగుల ఫైల్) ఉన్నాయి. రిక్వెస్టుల్ని వెనక సర్వర్లకి పంపే ప్రాక్సీపాస్ సెట్టింగ్ అంతకుముందే రిక్వెస్ట్‌ని పట్టేసుకుని బ్యాలెన్సర్‌కి ఇచ్చేస్తోంది, ఆ ఫైల్ వంక చూసేవారే లేరు.

రూల్స్‌ని వర్చువల్‌హోస్ట్‌లోకి (అపాచీ మెయిన్ కాన్ఫిగ్‌లో ఆ సైట్ భాగం) మార్చాను. అక్కడ రూల్ పోల్చి చూసే అడ్రస్ ప్యాటర్న్ ముందు స్లాష్ ఉండాలి, డాట్ హెచ్‌టీయాక్సెస్‌లో ఉండదు. దీని దగ్గరే ఇంకో గంట పోయింది. రూల్ చివర్లో పీటీ (పాస్ త్రూ) ఫ్లాగ్ కూడా పెట్టాలి, లేకపోతే మార్చిన అడ్రస్‌ని సర్వర్ తన డిస్క్‌లోనే ఫైల్‌గా వెతుక్కుంటుంది, ప్రాక్సీ దాకా పోదు.

మరి ఒక్కోసారి ఎందుకు తెరుచుకునేది? ఒక బ్యాకెండ్‌లో ఆ పాత లింకులకి ఎప్పటిదో పాత రూటింగ్ మిగిలిపోయింది, రిక్వెస్ట్ దానికి వెళ్తే తెరుచుకునేది, అంతే. ఇలా ఒకసారి తెరుచుకుని ఒకసారి తెరుచుకోకపోవడం చూసే నేను బ్యాలెన్సర్‌ని అనుమానించాను. స్టికీ సెషన్ (ఒక యూజర్‌ని ఎప్పుడూ ఒకే బ్యాకెండ్‌కి పంపడం), టైమ్‌అవుట్ సెట్టింగులకి దీనితో సంబంధమే లేదు, వాటిని మళ్లీ మొదట్లో ఉన్నట్టే పెట్టేశాను.